షుగర్ మాత్రకు తోడు కొలత కూడా కావాలి

షుగర్ మాత్ర ఈ రోజు పేదవానికి అందని వస్తువు కాదు. కేంద్ర ప్రభుత్వం 2010లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలోనూ బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. ముప్పై ఏళ్ళు దాటినవారికి ఆరోగ్య సిబ్బంది వేలికి సూది గుచ్చి పరీక్ష చేస్తున్నారు. మన నస్పూర్‌లో సింగరేణి కార్మికునికి కంపెనీ ఆసుపత్రి ఉంది. మంచిర్యాలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇన్ని ఉన్నా, కాలి పుండు మానక వేలు తీయించుకున్నవారు, చూపు మందగించినవారు, కిడ్నీలు చెడి డయాలిసిస్‌కు తిరిగేవారు సహాయం కోసం వస్తూనే ఉన్నారు. వీరిలో మాత్ర మానుకున్నవారు కొందరైతే, ఏళ్ళ తరబడి మాత్ర మింగుతూనే ఉన్నవారు మరికొందరు. మింగిన మాత్ర పనిచేస్తున్నదా, లేదా అని చూసుకునే దారి ఈ రెండో రకం వారికి లేకపోయింది.

దాతలకు ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ దారి గురించే. షుగర్‌కు సంబంధించిన దానంలో మందుకు ఇచ్చిన చోటు కొలతకు ఇవ్వడం లేదు. రెండూ కలిస్తేనే వైద్యం అవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్ల పైమాటే. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా ఈ వ్యాధి ఉంది. షుగర్ అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలు. ఇది డబ్బున్నవారి జబ్బు, కూర్చుని తినేవారి జబ్బు అనే మాట మన పెద్దల కాలంలోనే పోయింది. ఆటో నడిపేవారికి, బట్టలు కుట్టే అమ్మకు, బొగ్గు బావిలో కాంట్రాక్టు పని చేసేవారికి కూడా వస్తున్నది.

షుగర్ నొప్పి పెట్టే జబ్బు అయితే ఇంత నష్టం చేసేది కాదు. పంటి నొప్పి వస్తే ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి పోతాము. రక్తంలో చక్కెర 250 ఉన్నా మనిషి మామూలుగానే తిరుగుతాడు, పనికి పోతాడు, పెళ్ళిలో బిర్యానీ తింటాడు. దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం అనేవి బాగా పెరిగినప్పుడే బయటపడతాయి. ఆలోగా కంటి వెనుక సన్నని రక్తనాళాలు, కిడ్నీలోని జల్లెడలాంటి భాగాలు, అరికాలి నరాలు లోలోపలే దెబ్బతింటాయి. ఒంట్లో బాగానే ఉంది కదా అనే మాట ఈ జబ్బు విషయంలో సాక్ష్యంగా పనికిరాదు. అంకె ఒక్కటే సాక్ష్యం.

ఆ అంకె రోగి చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. యాభై, అరవై ఏళ్ళ కిందట మూత్రం పరీక్షే దిక్కు. బెనెడిక్ట్ ద్రావణం అనే నీలి రంగు మందులో కొన్ని చుక్కల మూత్రం వేసి వేడి చేసేవారు. రంగు మారకపోతే చక్కెర లేదని, ఆకుపచ్చ అయితే కొంచెమని, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వస్తే బాగా ఎక్కువని లెక్క. ఇందులో ఒక చిక్కు ఉంది. చాలామందిలో రక్తంలో చక్కెర సుమారు 180 దాటాకే మూత్రంలోకి దిగుతుంది. అంతకు లోపల ఎంత ఉన్నా ఆ పరీక్షకు తెలియదు. చక్కెర పడిపోయిన సంగతి అసలే తెలియదు.

రక్తం చుక్క వేసి చూసే పట్టీ 1965లో అమెరికాలో వచ్చింది. దాని రంగును చదివి అంకె చూపే మిషన్ మరో అయిదేళ్ళకు వచ్చింది. అది ఆసుపత్రుల కోసం చేసిన బరువైన యంత్రం, రోగులకు అమ్మేవారు కారు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరుకు పన్నెండో ఏటి నుంచి షుగర్. అతని భార్య డాక్టర్ కాబట్టి ఆమె పేరు మీద ఆ మిషన్ తెప్పించుకున్నాడు. రోజుకు అయిదారు సార్లు కొలుచుకుంటూ ఏ తిండికి ఎంత పెరుగుతున్నదో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతున్నదో రాసుకున్నాడు. తన ఆరోగ్యం కుదుటపడ్డాక ఆ సంగతి వైద్య పత్రికలకు రాస్తే మొదట ఎవరూ పట్టించుకోలేదు. చివరికి నడివయసులో వైద్య కళాశాలలో చేరి తానే డాక్టర్ అయ్యాడు. కొలిచే పని డాక్టర్‌ది, మింగే పని రోగిది అనే పాత అలవాటును మార్చినవారిలో ఆయన ఒకరు.

కొలతతో నిజంగా లాభం ఉందా అనే ప్రశ్నకు పెద్ద పరిశోధనలే జరిగాయి. బ్రిటన్‌లో కొత్తగా షుగర్ వచ్చిన అయిదు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 1998లో ఫలితాలు చెప్పారు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవారిలో కన్ను, కిడ్నీల వంటి చిన్న రక్తనాళాల సమస్యలు పావు వంతు తగ్గాయి. రెండు గుంపుల మధ్య మూడు నెలల సగటు తేడా చూస్తే 7.9కి బదులు 7.0 మాత్రమే. అంత చిన్న తేడాకు అంత ఫలం.

ఇక రోజువారీ సంగతికి వద్దాము. షుగర్ ఉన్న పెద్దవారిలో చాలామందికి డాక్టర్లు పెట్టే గురి ఇలా ఉంటుంది: పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు. ముసలివారికి, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారికి కొంచెం సడలిస్తారు. గర్భిణీలకు బిగిస్తారు. మీ గురి ఎంత అని డాక్టర్‌ను అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. తిన్న రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, చేయి కడిగినప్పటి నుంచి కాదు.

మనవారిలో ఎక్కువమంది నెలకోసారి పరగడుపున మాత్రమే పరీక్ష చేయించుకుంటారు. అందులోనూ పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం తగ్గించి, తీపి మానేసి పోతారు. ఆ రోజు వచ్చే అంకె నెల రోజుల సంగతి చెప్పదు, రెండు రోజుల ఉపవాసం సంగతి చెబుతుంది. డాక్టర్‌ను మెప్పించడానికి చేసే పరీక్ష ఇది!

దీనికి బదులు జతగా కొలవడం మంచి పద్ధతి. ఒకే భోజనానికి ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి. ఈ వారం పొద్దుటి నాష్తాకు, వచ్చే వారం మధ్యాహ్నం అన్నానికి, ఆపై వారం రాత్రి భోజనానికి. రెండు అంకెల మధ్య తేడాయే పాఠం. ఉదాహరణకు తెలంగాణ సోనా బియ్యం తీసుకుందాము. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో తయారైన ఈ రకం అసలు పేరు ఆర్ఎన్ఆర్ 15048. దీని గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉందని పరీక్షలలో తేలింది. 55 లోపు ఉన్నది తక్కువ కిందికి వస్తుంది కాబట్టి మంచి బియ్యమే. బజారులో మాత్రం అది 'షుగర్ ఫ్రీ బియ్యం' అయిపోయింది. ఆ పేరు విని గంటెడు తినేవారు పళ్ళెం నిండా తింటున్నారు. తినే ముందు 120, రెండు గంటలకు 240 వస్తే బియ్యం తప్పు కాదు, పళ్ళెం తప్పు. అదే భోజనంలో అన్నం సగం చేసి, పప్పు, ఆకుకూర పెంచి, తిన్నాక పదిహేను నిమిషాలు నడిచి మళ్ళీ ఒక జత కొలిస్తే తేడా కళ్ళారా కనిపిస్తుంది. ఎవరో చెప్పిన పథ్యం నెల తిరగకుండా మానేస్తారు. తన వేలి రక్తం చెప్పిన పథ్యం మనిషి గుర్తు పెట్టుకుంటాడు.

టీ సంగతి కూడా ఇంతే. సీసీసీ దగ్గర హోటల్‌లో కూర్చుని రోజుకు అయిదు చాయ్‌లు తాగేవారు అన్నం దగ్గర మాత్రం ఎంతో జాగ్రత్తగా ఉంటారు. ఒక్కో కప్పులో రెండు చెంచాల చక్కెర అనుకున్నా రోజుకు పది చెంచాలు.

నైట్ షిఫ్టు చేసేవారికి పరగడుపు అంటే ఏమిటో చాలామంది చెప్పరు. తెల్లవారి ఇంటికి వచ్చిన మనిషికి ఉదయం ఏడు గంటలు పరగడుపు కాదు, అతను డ్యూటీ మధ్యలో డబ్బా తిన్నాడు. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉన్న తర్వాతి కొలతే పరగడుపు కొలత. అది నిద్ర లేచిన మధ్యాహ్నం కావచ్చు. మాత్ర వేసుకునే వేళ కూడా షిఫ్టుతోపాటు మారుతుంది కాబట్టి, వారానికో షిఫ్టు మారేవారు ఈ సంగతి డాక్టర్‌తో విడిగా మాట్లాడుకోవాలి.

వేలు గుచ్చే పనిలో ఒక చిన్న విషయం పెద్ద గందరగోళం తెస్తుంది. మామిడి పండు కోసిన చేతితో పరీక్ష చేస్తే మిషన్ ఒంట్లో చక్కెరతోపాటు వేలిమీది చక్కెరను కూడా కొలుస్తుంది. లేని 300 కనిపిస్తుంది. స్పిరిట్ దూదితో తుడిచినా పండు తీపి పూర్తిగా పోదు. సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు గుచ్చాలి. వేలి మధ్య మెత్తని చోట కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. రోజుకో వేలు మార్చాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు, ఇంట్లో భార్యాభర్తలైనా సరే.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. సాధారణంగా స్ట్రిప్పుల డబ్బా మీద 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో 45 తాకే ఊరు మనది. రేకుల ఇంట్లో కిటికీ పక్కన, స్కూటర్ డిక్కీలో పెట్టిన స్ట్రిప్పు తప్పు అంకె చూపవచ్చు. డబ్బా మూత వెంటనే బిగించాలి, తేమకు కూడా చెడిపోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ను మట్టికుండలో పెట్టుకోవచ్చు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మందు సీసాకు నీరు తగలకుండా చిన్న కుండలో ఉంచి, పైన తడి గుడ్డ కప్పితే బయటికన్నా చల్లగా ఉంటుంది. ఎండలు ముదిరాక పక్కింటి ఫ్రిజ్ అడగడం ఇంకా మేలు.

మిషన్ అంకెను మరీ పట్టుకుని వాదించవద్దు. మంచి మిషన్‌కు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే నూటికి పదిహేను పాళ్ళ తేడా ఒప్పుకుంటారు. అసలు 200 ఉంటే మిషన్ 170 చూపినా, 230 చూపినా లోపం కాదు. 148, 156ల మధ్య తేడాకు బెంగ అక్కరలేదు. పది రోజులుగా అంకెలు ఎటు పోతున్నాయన్నదే చూడాలి.

మూడు నెలల సగటు చెప్పే పరీక్ష వేరే ఉంది, దాన్ని హెచ్‌బిఎ1సి అంటారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ దానికి అంటుకున్న చక్కెరను ఈ పరీక్ష లెక్కిస్తుంది. షుగర్ ఉన్నవారి రక్తంలో ఈ మార్పును గుర్తించినవాడు టెహ్రాన్‌లో పనిచేసిన శామ్యూల్ రహ్బర్, 1968 ప్రాంతంలో. 7 వస్తే సగటు చక్కెర 154 అని, 9 వస్తే 212 అని అర్థం. పరీక్షకు ముందు రెండు రోజుల ఉపవాసం దీన్ని మోసం చేయలేదు. కానీ రక్తహీనత ఉన్నవారిలో ఇది దారి తప్పించవచ్చు. ఆదిలాబాద్ ప్రాంతపు గోండు, కొలాం గూడేలలో సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు కనిపిస్తారు. వారిలో రక్తకణం ముందుగానే చనిపోతుంది కాబట్టి ఈ పరీక్ష అసలుకన్నా తక్కువ చూపవచ్చు. అటువైపు గ్రామాలలో శిబిరం పెట్టేవారు ఇది మరువకూడదు. అక్కడ వేలి పరీక్షలే ఎక్కువ నమ్మదగినవి.

చక్కెర పెరగడం గురించి అందరూ మాట్లాడతారు. పడిపోవడం గురించి తక్కువ. 70కి దిగితే లో షుగర్. చెమట, చేతుల వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి. 54 కన్నా దిగితే మాట తడబడుతుంది, మనిషి తిక్కగా ప్రవర్తిస్తాడు. రోడ్డు మీద పడిపోతే తాగినవాడని చుట్టుపక్కలవారు తప్పుకుని పోతారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఎక్కువ, అందులోనూ మాత్ర వేసుకుని అన్నం మానేసిన రోజు. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ కొలవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. కోలుకున్నాక అన్నం పెట్టాలి. కోవా మిఠాయి, చాక్లెట్ ఇవ్వవద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. బావిలోకి దిగేవారు, ఆటో, లారీ నడిపేవారు జేబులో చక్కెర పొట్లం లేకుండా పనికి పోకూడదు.

ఇప్పుడు దాతలకు నేరుగా సంబంధించిన మాట. శిబిరం పెట్టి షుగర్ మిషన్లు పంచడం మనకు ఇష్టమైన పని. మిషన్ కనిపించే వస్తువు, ఫొటోలో పడుతుంది. కానీ ఖర్చు మిషన్‌తో అయిపోదు, అక్కడ మొదలవుతుంది. బజారులో ఒక్కో స్ట్రిప్పు సుమారు 15 నుంచి 25 రూపాయలు. ఒక కంపెనీ మిషన్‌కు ఇంకో కంపెనీ స్ట్రిప్పు పనిచేయదు. డబ్బాతో వచ్చిన పది స్ట్రిప్పులు అయిపోయాక పేద ఇంట్లో ఆ మిషన్ బీరువా ఎక్కుతుంది. పంచిన వంద మిషన్లలో ఆరు నెలల తర్వాత ఎన్ని పనిచేస్తున్నాయో లెక్క తీసే సంస్థలు తక్కువ.

లెక్క వేసి చూద్దాము. వారానికి ఒక జత, అంటే రెండు స్ట్రిప్పులు, ఏడాదికి 104. ఒకటి 20 రూపాయలు అనుకుంటే 2,080 రూపాయలు. ఇన్సులిన్ వాడేవారు రోజుకు రెండుసార్లు చూసుకుంటే ఏడాదికి 730 స్ట్రిప్పులు, 14,600 రూపాయలు. రెండో రకం మనిషికి ఇది అత్యవసరం, మానుకునే వీలు లేదు. అందరికీ సమానంగా పంచితే ఎవరికీ చాలదు. ముందు వరుసలో ఇన్సులిన్ వాడేవారు, గర్భిణీలు, గ్లిమిపిరైడ్ వేసుకునే వృద్ధులు, కొత్తగా జబ్బు బయటపడినవారు ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో నిలకడగా ఉన్నవారికి రోజూ వేలు గుచ్చుకోవడం వల్ల పెద్ద లాభం లేదని విదేశాలలో జరిగిన పరీక్షలే చెబుతున్నాయి. వారికి మూడు నుంచి ఆరు నెలలకోసారి హెచ్‌బిఎ1సి, మధ్యలో అప్పుడప్పుడు ఒక జత చాలు.

స్ట్రిప్పులతోపాటు ఒక పుస్తకం, ఆ పుస్తకం చదివే మనిషి కూడా ఉండాలి. ఎవరూ చూడని అంకె రాసీ లాభం లేదు. నెలకోసారి ఒక నర్సు, లేదా చదువుకున్న యువకుడు పుస్తకాలు తిరగేసి, గురి దాటినవారిని డాక్టర్ దగ్గరికి పంపితే ఆ ఏర్పాటు నడుస్తుంది. చర్మం మీద అంటించుకుంటే రెండు వారాలు ఆపకుండా అంకెలు చూపే సెన్సర్లు వచ్చాయి, మంచివే. ఒక్కోటి వేలల్లో ఉంది కాబట్టి మన నిధికి ఇప్పట్లో పని లేదు. ఈ ఖర్చులో జకాత్ సొమ్ము ఎంతవరకు వాడవచ్చో, ఏది సాధారణ చందా నుంచి పెట్టాలో ఆలిములను అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

మన సమాజంలో కొలత అత్యవసరమయ్యే నెల ఒకటి ఉంది, రంజాన్. 2001లో 13 ముస్లిం జనాభా గల దేశాలలో, మన దేశంతో సహా, 12,243 మంది షుగర్ రోగులను అడిగి ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఎక్కువమందికి ఉండే రెండో రకం షుగర్‌లో, ఆసుపత్రికి చేర్చవలసినంత లో షుగర్ మిగతా నెలలకన్నా రంజాన్‌లో ఏడున్నర రెట్లు పెరిగింది. ఇఫ్తార్ తర్వాత తినే తిండి వల్ల మితిమీరి పెరగడం కూడా ఎక్కువైంది. రోగికి మినహాయింపు అల్-బఖరా అధ్యాయంలోనే ఉంది. అయినా మన పెద్దలు, ముఖ్యంగా తల్లులు, మినహాయింపు తీసుకోవడాన్ని చిన్నతనంగా భావిస్తారు. ఇంట్లో చెప్పకుండా మాత్ర దాచేసి రోజా ఉంటారు. ఎవరు ఉండవచ్చో, ఎవరు ఉండకూడదో చెప్పవలసినది డాక్టర్. మధ్యాహ్నం పూట ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతున్నదో చెప్పగలిగేది మాత్రం మిషన్.

వేలు గుచ్చి రక్తం చూస్తే రోజా విరుగుతుందనే భయం ఇంకా ఉంది. విరగదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో సవరించి విడుదల చేసిన రంజాన్ మార్గదర్శకాలలో కూడా ఈ మాట స్పష్టంగా ఉంది. సహర్‌కు ముందు, మధ్యాహ్నం, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ అయిన రెండు గంటలకు, ఇంకా ఒంట్లో ఏ మాత్రం తేడాగా ఉన్నా ఆ క్షణమే కొలవాలి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజు రోజా విడవాలి. మగ్రిబ్‌కు ఇంకా అరగంటే ఉంది కదా అని ఆగకూడదు. రోజుకు నాలుగు చొప్పున ముప్పై రోజులకు 120 స్ట్రిప్పులు, సుమారు 2,400 రూపాయలు. ఇఫ్తార్ విందులకు ఎంతో ఖర్చు పెట్టే బస్తీలలో ఇది పెద్ద మొత్తమేమీ కాదు.

2018, 2019లలో రంజాన్ మే ఎండలలో వచ్చింది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలం వైపు వచ్చింది. పగలు చిన్నదైంది, దాహం తగ్గింది. రోజా ఉండాలనుకునే షుగర్ రోగులకు ఈ కొన్నేళ్ళు కొంత తేలిక. అయినా ముందస్తు పరీక్ష తప్పదు. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాత్రల వేళ, మోతాదు మార్చి, మార్చినది సరిపోయిందో లేదో కొలిచి చూసుకోవడానికి అంత వ్యవధి కావాలి. మన లెక్కలో అది రజబ్ నెల. శిబిరం పెట్టదలచినవారు రజబ్ మొదటి వారంలో పెట్టాలి. స్ట్రిప్పులు కూడా అప్పుడే చేతికి అందాలి. షాబాన్ చివర్లో పెట్టే శిబిరానికి జనం బాగానే వస్తారు కానీ, మందు మార్చి చూసుకునే వ్యవధి అప్పటికి మిగలదు.